1897 నాటి అంటురోగాల చట్టం ఇంకెన్నాళ్లు?

సంపాదకులకు నమస్కారం.

2020 ఆగస్టులో, కరోనా రోజుల్లో, మా వీధి మొదట్లో వెదురు బొంగులు అడ్డంగా కట్టి, మా ఎదురింటి తలుపుకి ఒక ఎర్ర కాగితం అంటించి వెళ్లారు. ఆ ఇంట్లో భార్యాభర్తలు, ఎనభై దాటిన ఒక ముసలమ్మ ఉండేవారు. ఆ పూట నుంచే పాలబ్బాయి అటు రావడం మానేశాడు. పాలప్యాకెట్టు కర్రకు తగిలించి వాళ్ల గేటు మీదుగా మేమే అందించాం. అన్నం ఎవరు పెడతారు, ముసలమ్మ బీపీ మందులు ఎవరు తెస్తారు, ఊపిరాడకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ కాగితం మీద వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. కింద చిన్న అక్షరాల్లో చట్టం పేరు మాత్రం ఉంది, అంటువ్యాధుల చట్టం 1897 అని. దాటితే శిక్ష అని.

1897 అన్న ఆ సంవత్సరం నా మనసులో ముల్లులా దిగింది. మా ముత్తాత ఈ జిల్లా నుంచే బొంబాయికి కూలికి పోయినవాడు. అక్కడి కామాటిపురకు ఆ పేరు మన ప్రాంతం నుంచి వలస వెళ్లిన కామాటీల (కట్టడం పని కూలీల) వల్లే వచ్చింది. ఈ చట్టం కూడా ఆ ఊరి ప్లేగు గత్తర లోంచే పుట్టిందని చదివాక తెలిసింది.

1896 సెప్టెంబరులో బొంబాయి రేవు పక్కన మాండ్వీలో జనం జ్వరంతో, గజ్జల్లో బిళ్లలతో చనిపోతుంటే, అది ప్లేగు అని మొదట గుర్తించింది డాక్టర్ అకాసియో వీగస్. ధాన్యం గోదాములు, వాటి నిండా ఎలుకలు, వాటిని ఆనుకుని గాలి సొరని చాల్‌లు (కూలీల ఇరుకు గదుల వరుస ఇళ్లు). ఎలుక మీద బతుకుతూ రక్తం పీల్చే చిన్న పురుగుతో (ఫ్లీ) రోగం పాకుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. పాల్ లూయీ సిమోన్ కరాచీలో ఆ సంగతి తేల్చింది 1898లో, దాన్ని దొరలు నమ్మింది ఇంకా చాలా ఏళ్లకు. మురికి వల్లే ప్లేగు అనుకుని కాలువల్లోకి కార్బాలిక్ ఆమ్లం, సముద్రపు నీళ్లు పోయించారు. వెలుతురు కోసం ఇళ్ల పైకప్పు పెంకులు పీకించారు, పరుపులు, బట్టలు తగలబెట్టారు. అక్టోబరులో మున్సిపల్ కమిషనర్ స్నో రోగులను బలవంతంగానైనా ఆసుపత్రికి తరలించవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు.

ఆసుపత్రికి పోయినవాళ్లు తిరిగి రావడం లేదని ఊరంతా పుకారు. అక్టోబరు 29న మిల్లు కూలీలు దాదాపు వెయ్యిమంది ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద పడ్డారు. ఆ మర్నాడే స్నో పట్టు సడలించాడు. జనం కోపం ఒక్కటే కాదు కారణం. పాయఖానాలు ఎత్తే పాకీవాళ్లు భయపడి ఊరు విడిచిపోతే బొంబాయిలో మనిషి బతకలేడని అతనికి తెలుసు. నగరంలో అందరికంటే అడుగున పెట్టిన మనుషుల మాట ఆ ఒక్కరోజు దొర చెవిన పడింది. ఎనిమిది లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరిలో, 1897 ఫిబ్రవరి నాటికి దాదాపు సగం మంది మూట సర్దుకున్నారు. రోగం కూడా వాళ్లతోపాటే రైలెక్కింది.

అప్పుడు వచ్చింది చట్టం. జనవరి 28న కలకత్తాలో బిల్లు పెట్టి, ఫిబ్రవరి 4కల్లా ఆమోదించేశారు. యూరప్ దేశాలు హిందూస్థానం ఓడలను తమ రేవుల్లోకి రానివ్వవేమోనన్నది వాళ్ల పెద్ద భయం. ఆ ఏడాది హజ్ యాత్ర ఆపేశారు. ఈ చట్టం కింద ఓడలను సోదా చేయవచ్చు, రైల్లో ప్రయాణికుణ్ణి దింపి పరీక్షించవచ్చు, అనుమానం ఉన్నవాణ్ణి వేరుపెట్టవచ్చు. మంచి ఉద్దేశంతో చేశానంటే అధికారి మీద దావా వేయడానికి వీల్లేదు. అప్పుడు మొత్తం నాలుగు సెక్షన్లు. రోగికి మందు ఇవ్వాలని గానీ, పని పోయినవాడికి తిండి పెట్టాలని గానీ వాటిలో ఒక్క ముక్క లేదు.

మార్చిలో జనరల్ గాటకర్ ఆధ్వర్యంలో ప్లేగు కమిటీ వేశారు. ఇంటింటి సోదాలు మొదలయ్యాయి. జనం ఏం చేశారు? రోగులను దాచారు, శవాలను దాచారు. పూనాలో సోల్జర్ల సోదాల మీద రగిలిన కోపం జూన్ 22న ప్లేగు అధికారి రాండ్ మీద కాల్పుల దాకా పోయింది. అదే పూనాలో అంతకు మూడు నెలల ముందు సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు సేవ చేస్తూ, ఆ రోగమే సోకి మార్చి 10న కన్నుమూసింది. ఆమె సేవకు ఏ సెక్షనూ అక్కర్లేకపోయింది.

మా నాయనమ్మ చెప్పేది, గత్తరొస్తే ఊరు మొత్తం ఖాళీ చేసి చెలకల్లో గుడిసెలేసుకునేవారట. ఎలుకలున్న ఇల్లు వదిలేయడం ప్లేగుకు సరైన పనే అని ఇప్పుడు తెలుస్తోంది. చదువురాని ఊరిజనం దగ్గరా పనికొచ్చే తెలివి ఉంది. వాళ్లను అడిగినవాళ్లే లేరు.

మళ్లీ మా వీధికి వస్తాను. ఎర్ర కాగితం అంటించిన వారానికి మా వీధిలో పరీక్ష చేయించుకునేవాళ్లే లేకుండా పోయారు. దగ్గు వస్తే తలుపులు వేసుకుని దగ్గారు. దాన్ని మార్చింది ఒక ఆశా కార్యకర్త. రోజూ సాయంత్రం వేపచెట్టు కింద నిలబడి "పెద్దమ్మా, జ్వరం తగ్గిందా? అన్నం తిన్నవా?" అని కేకేసేది. మందులు గోడ మీద పెట్టి, వాళ్లు తీసుకునేదాకా కదిలేది కాదు. పది రోజులు చూశాక మిగతా ఇళ్లవాళ్లు ఆమెకు జ్వరం సంగతి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆమె చేసిన పనిని చట్టం బాధ్యతగా ఎందుకు రాసిపెట్టకూడదు?

వైద్య సిబ్బంది మీద దాడులకు ఏడేళ్ల దాకా శిక్ష పెడుతూ 2020లో చట్టాన్ని సవరించారు. చాలా మంచి పని. జనానికి ఏం దక్కాలో మాత్రం అప్పుడూ రాయలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 286వ నివేదికలో ఈ చట్టంలో లోపాలున్నాయని, సవరించాలని లేదా కొత్తది తేవాలని చెప్పింది. ఆ కొత్త చట్టంలో కొన్ని మాటలు తప్పకుండా ఉండాలని నా మనవి. ఇంట్లో ఉండమన్న ప్రతి కుటుంబానికీ ఆ రోజు నుంచే తిండి, మందు అందించే బాధ్యత ఫలానా వారిదని పేరు పెట్టి రాయాలి. కూలి పోయిన రోజులకు పరిహారం ఇవ్వాలి. రోగి పేరు తలుపు మీద అంటించకూడదు. అన్యాయం జరిగితే వారం లోపల విని తేల్చే చోటు ఊళ్లోనే ఉండాలి. ఊరు ఊడ్చే పారిశుధ్య కార్మికులకు మాస్కు, చేతితొడుగులు, బీమా మొదటి రోజు నుంచే దక్కాలి.

మన శాసనసభ్యులు, ఎంపీలు ఈ విషయం ఇప్పుడే ఎత్తాలి. ముసాయిదాను తెలుగులో అచ్చువేసి గ్రామసభల్లో చదివించాలి. ఎదురింటి ముసలమ్మ ఇప్పటికీ ఆ కాగితం మరక పోయేదాకా తలుపును తడిగుడ్డతో రుద్దుతూనే ఉంటుంది.

— ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా