రవికి నాన్న రాసేది

చిరంజీవి రవికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. బుజ్జి పరీక్షలు అయిపోయాయి. నెబ్రాస్కా చలి తెలుసుగా, లింకన్‌లో మంచు పడడం, కరగడం, మళ్ళీ పడడం, ఇదే వరస. గ్యారేజీ తలుపు మళ్ళీ బిగుసుకుపోయింది.

ఆదివారాలు నీ ఫోను రావడం లేదు. పని ఎక్కువై ఉంటుందని అమ్మకు సర్దిచెబుతున్నాను. మొన్న సుజాత పిన్ని మాటల మధ్యలో, నువ్వు అలయన్స్ ఊరి దగ్గర ఇసుక దిబ్బల్లో, తోడేలును పోలిన ఆ కయోటీల వేటకు వెళ్తున్నావని చెప్పింది. అదీ ఒక్కడివేనట. ఈ ఉత్తరం దాని కోసమని అనుకోకు, చాలా రోజులైందని రాస్తున్నాను. ఆ సంగతి అమ్మకు ఇంకా తెలియదు.

వేట తప్పని నేను అనను. ఆ ప్రాంతంలో పశువుల డాక్టరుగా తిరిగినవాణ్ణి. ఆవులు ఈనే రోజుల్లో మాయ కోసం కయోటీలు మంద చుట్టూ చేరడం, ఒక్కోసారి నిలబడలేని దూడను కొరకడం కళ్ళారా చూశాను. రైతు కోపం నాకు తెలుసు. మన ఊళ్ళో అయితే నక్క దాక్కోవడానికి తాతయ్య చెరకు తోట ఉండేది. ఈ శాండ్‌హిల్స్ ఇసుక దిబ్బల్లో దాక్కోవడానికి కయోటీకీ చోటు లేదు, నీకూ లేదు. అందుకే అది అంత జాగ్రత్తగా ఉంటుంది.

నీకు ఆ పెద్దాయన గుర్తున్నాడు కదా, బుజ్జికి గుర్రం ఎక్కడం నేర్పినాయన. ఒక ఫిబ్రవరి ఉదయం నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఎదుటి దిబ్బ దక్షిణపు వాలులో, గాలి తగలని చోట రెండు కయోటీలు ఎండ కాచుకుంటున్నాయి. అది వాటికి జత కట్టే కాలం. నేనైతే వెంటనే లేచి నడిచేవాణ్ణి. ఆయన కదలలేదు. బైనాక్యులర్స్ పెట్టుకుని చాలాసేపు చూశాడు. అవి పడుకునే ఉంటాయా, మందవైపు ఏవైనా ఆవులు కదులుతున్నాయా, దిబ్బ అవతలి నుంచి చూస్తే వాటి చోటును గుర్తుపట్టడానికి ఏముంది అని. వాటికి సరిగ్గా పైన, శిఖరం మీద సోప్‌వీడ్ అనే కత్తుల్లాంటి ఆకుల పొద ఒకటి ఉంది. దాన్ని నాకు చూపించి, ‘ఇక అదే మన గుర్తు’ అన్నాడు. ఎందుకంటే అటువైపు తిరిగి వెళ్ళాక దిబ్బలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

తరువాత ఎండుగడ్డి నలిపి గాలిలోకి వదిలాడు. గాలి వాయవ్యం నుంచి వస్తోంది. మన వాసన దానికి అందకుండా గాలికి ఎదురుగా వెళ్ళాలని అందరూ చెబుతారు. ఆయన లెక్క వేరు. కయోటీ గాలిని వీపుకు పెట్టుకుని పడుకుంటుంది, వెనక ముక్కు కాపలా, ముందు కళ్ళు కాపలా అన్నాడు. సూటిగా ఎదురు గాలికి వెళితే దాని కళ్ళలో పడతాం. అందుకని గాలిని భుజానికి తగలనిస్తూ పక్కనుంచి వెళ్ళాలి. పల్లం పట్టుకుని, ఆకాశం ముందు మన ఆకారం కనపడకుండా పెద్ద చుట్టు తిరిగాం. మధ్యలో గడ్డిలోంచి కోడి జాతి పిట్టలు రెండు టపటపమని లేచాయి. ఆయన అలాగే మంచులో బోర్లా పడిపోయాడు, నేనూ పడ్డాను. నా మెడలోకి మంచు జారింది. అలా పడి ఉండగా చెవులు చల్లబడి మొద్దుబారాయి. ఆయన వేలు కూడా కదపలేదు. చివరి భాగం పాకి, టోపీ తీసి, బోడి శిఖరం మీదుగా కాక పొద పక్కనుంచి తొంగి చూశాడు. కయోటీలు అక్కడే ఉన్నాయి. పెద్దది తల ఎత్తి చుట్టూ చూసి, మళ్ళీ పాదాల మీద పెట్టుకుంది.

ఆయన కాల్చలేదు. వాటి వెనక, గుండు వెళ్ళే దారిలోనే, గాలిమర కింద నీళ్ళ తొట్టి దగ్గర ఆవులున్నాయి. తుపాకి దించి, వచ్చిన దారినే నన్ను వెనక్కి తీసుకొచ్చాడు.

ఆ రోజు ఆయన వెనక నేనున్నాను. నీ వెనక ఎవరున్నారు?

మంచులో తెల్లటి దుస్తులు వేసుకుంటే కయోటీకి కనపడవు, నిజమే. పక్క దిబ్బ మీది వేటగాడికీ కనపడవు. ముళ్ళ కంచె దగ్గర తుపాకి ఖాళీ చేసి, ముందు దాన్ని అవతల నేల మీద పెట్టి, ఆ తరువాత నువ్వు దాటు. బొచ్చు ఊడిన కయోటీని ఉత్త చేతులతో ముట్టుకోకు, ఆ గజ్జి మనుషులకూ అంటుతుంది. ఎర్ర నక్క అయితే మంచు మీదే తోకను ముక్కుకు కప్పుకుని పడుకుంటుంది. తల దించినప్పుడే అడుగు వెయ్యి. పైపొర గడ్డకట్టి కరకరలాడే రోజు ఆ ప్రయత్నమే వద్దు. మీ వైపు స్విఫ్ట్ ఫాక్స్ అనే చిన్న నక్క కూడా ఉంది, పిల్లి కంటే కాస్త పెద్దది. దాని తోక కొన నలుపు, ఎర్ర నక్కది తెలుపు. మన రాష్ట్రంలో అది అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుల జాబితాలో ఉంది. తోక కొన స్పష్టంగా కనపడేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

పాఠం చెబుతున్నానని విసుక్కోకు. అక్కడి వాతావరణం గురించి కూడా చెప్పాలి. 1888 జనవరి 12న ఈ రాష్ట్రంలోనూ పక్క డకోటాలోనూ తెల్లవారి కాస్త వెచ్చగా ఉందని కోట్లు లేకుండా బయటికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. పగలు ముగియకముందే మంచు తుఫాను విరుచుకుపడింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. బడి నుంచి ఇంటికి బయలుదేరిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఉదయం ఎండ చూసి పలచటి కోటుతో వెళ్ళకు. ట్రక్కులో పార, దుప్పటి, నీళ్ళు ఉన్నాయా? బ్యాటరీ మార్పించమని చెప్పాను, మార్పించావా?

అమ్మ గోంగూర పచ్చడి, కందిపొడి, రెండు జతల ఉన్ని మేజోళ్ళు పంపుతోంది. మేజోళ్ళు నేనే కొన్నాను, ఆమెకు కారణం చెప్పలేదు. పార్సిల్ అందగానే ముందు అమ్మకు ఫోను చెయ్యి. నాకు మాత్రం ఎవరి పొలంలో తిరుగుతున్నావో ఆ యజమాని పేరు, నంబరు రాసి పంపు. ఆదివారం సాయంత్రానికి నీ ఫోను రాకపోతే ఆయనకు చేస్తాను.

ఇట్లు,
నాన్న