అరకు రైడ్‌కి ముందు ఈ యాప్‌లు వేసుకోండి

అందరికీ నమస్తే. అరకు సైకిల్ రైడ్‌కి వచ్చేవాళ్లు వైఫై ఉండగానే ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ వేసుకుని, ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. పూర్తిగా ఉచితం, యాడ్స్ రావు. ఘాట్‌లో సిగ్నల్ పోయినా దారి చూపిస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఏరియా దించుకున్నా నెట్ లేనప్పుడు కారు దారే ఇస్తుంది, సైకిల్ దారి ఇవ్వదు. ఇది చాలామందికి తెలియదు.

ఆర్గానిక్ మ్యాప్స్‌లో నాకు బాగా నచ్చింది ఎత్తుపల్లాల గ్రాఫ్. సైకిల్ గుర్తు నొక్కి వైజాగ్ నుంచి అరకుకి రూట్ పెట్టి చూడండి. ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా గీత నేల మీద పాకినట్టే ఉంటుంది, ఆ తర్వాత అనంతగిరి వైపు నిచ్చెన వేసినట్టు లేస్తుంది. పోయినసారి నేను ఇది చూసుకోకుండా మైదానంలోనే కాళ్ల సత్తువంతా ఖర్చు చేసేశాను. ఘాట్‌లో సగం దూరం సైకిల్ నెట్టుకుంటూ నడిచాను. ఈసారి ఎవరికీ ఆ అవస్థ రాకూడదు.

ముందు రోజు రాత్రి విండీ యాప్‌లో గాలి ఎటు వీస్తుందో చూడండి. ఎదురుగాలి ఉంటే అరగంట ముందే బయల్దేరదాం.

టీ కొట్లు, పంక్చర్ షాపులు, నీళ్లు దొరికే చోట్లు నేను ఆర్గానిక్ మ్యాప్స్‌లో గుర్తు పెట్టాను. ఆ ఫైల్ ఇక్కడే పంపుతాను, తెరిస్తే మీ యాప్‌లోకి వచ్చేస్తుంది. దారిలో ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది, చార్జింగ్ మిగులుతుంది. సిగ్నల్ ఉన్న ఊళ్లో ఆగినప్పుడు ఇంటికి ఒక ఫోన్ చేయండి.

ఇన్‌స్టాల్ చేయడంలో ఇబ్బంది ఉంటే అడగండి, ఫోన్‌లోనే చెబుతాను.