రెండో చరణం వద్దన్నారు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ తరం పిల్లలకు పాట పూర్తిగా వినే ఓపిక లేదని, అందుకే సంగీతం రీల్స్ స్థాయికి దిగిపోయిందని మీ పత్రికలో ఈమధ్య ఒక వ్యాసం వచ్చింది. తప్పంతా పిల్లల మీదికి నెట్టడం నాకు నచ్చలేదు. పాట పీక నొక్కే పని వాళ్లు మొదలుపెట్టలేదు. నొక్కిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఇంటర్ తప్పాక నాలుగేళ్లు మా కావలి ట్రంకు రోడ్డు మీద ఒక క్యాసెట్ రికార్డింగ్ సెంటర్‌లో పని చేశాను. జనం ఒక చీటీ మీద పాటలు రాసుకొచ్చి, ఒక నైంటీ ఖాళీ క్యాసెట్ చేతిలో పెట్టి పోయేవాళ్లు. సైడుకు నలభై అయిదు నిమిషాలు. సైడు చివర రెండున్నర నిమిషాల టేపు మిగిలేది, పాటేమో అయిదు నిమిషాలు. ఖాళీ వదిలితే 'డబ్బులిచ్చాం కదబ్బా, టేపు ఊరికే తిరుగుతా ఉంటే ఎట్టా' అని గొడవ. దానికి మా ఓనరు నేర్పిన ఉపాయం ఒకటుంది. పల్లవి, మొదటి చరణం అయిపోగానే వాల్యూమ్ నాబ్ మీద వేలు పెట్టి మెల్లగా సున్నాకి తిప్పేయడం. పాట దానంతటదే అయిపోయినట్టు ఉంటుంది. బాలు గారి సొంత జిల్లాలో కూర్చుని బాలు గారి రెండో చరణాలు ఎన్ని మింగానో లెక్కలేదు. అసలు ఆ రికార్డింగే చట్టప్రకారం తప్పని అప్పట్లో ఎవరికీ పట్టేది కాదు, అది వేరే సంగతి.

డబ్బు పాటను కత్తిరించడం మా షాపుతోనే మొదలైందని కూడా అనను. వెనకటి 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డు ఒక పక్కకు మూడు నిమిషాల చిల్లరే పట్టేది, పాట అందులో ఇమడాల్సిందే. కానీ ఇప్పటి లెక్క ఇంకా చిత్రమైనది. స్పాటిఫై అనే పాటల యాప్‌లో పాట ముప్పై సెకన్లు మోగితే ఒకసారి విన్నట్టు జమ. రెండు నిమిషాల పాటైనా ఇరవై నిమిషాల పాటైనా దక్కేది ఆ ఒక్క జమే. 2024 నుంచి ఇంకో నిబంధన పెట్టారు. పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు మోగని పాటకు పైసా రాదు. ఈ లెక్క తెలిసిన వ్యాపారి పాట మొదట్లో మ్యూజిక్ ఎందుకు పెడతాడు? రెండో చరణం ఎందుకు రాయిస్తాడు? మొదటి పదిహేను సెకన్లలోనే హుక్, అంటే చెవిలో పట్టేసే ముక్క, పడేయాలి, రీల్‌కి సరిపోవాలి. ఇందులో పిల్లల ఓపిక మాట ఎక్కడుంది?

మా వాడు చెన్నైలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పోయిన తుపానుకి కాలేజీకి సెలవులిస్తే ఇంటికొచ్చాడు. కరెంటు లేదు. వాన తెరిపిచ్చాక మేడ మీద కూర్చుంటే, ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టి, 'నాయనా, మధ్యలో లేవకుండా విను' అన్నాడు. ఏంది ఇది అంటే ప్రోగ్రెసివ్ రాక్ అన్నాడు. ప్రోగ్రెసివ్ అంటే మన అభ్యుదయ రచయితల సంఘం వాళ్ల పాటల్లాంటివేమో అనుకున్నాను. కాదట, మామూలు పాట కొలతకు లొంగకుండా పొడుగ్గా, మలుపులు తిరుగుతూ సాగే రాక్ సంగీతమట.

అది పోర్క్యుపైన్ ట్రీ అనే ఇంగ్లండ్ బృందం 2007లో విడుదల చేసిన ఆల్బమ్‌లోది, 'అనెస్థటైజ్' అనే పాట. పదిహేడు నిమిషాల పైచిలుకు. తెరల ముందు కూర్చుని, మాత్రలు మింగి, మొద్దుబారిపోయిన కుర్రవాళ్ల గురించి ఆ ఆల్బమంతా. మొదట డ్రమ్స్ నడక నెమ్మదిగా, తర్వాత ఒక్కసారిగా గిటార్లు మీదికొచ్చి పడ్డాయి. నాకు తలనొప్పి వచ్చిందని దాచను. అయితే పన్నెండో నిమిషం దాటాక అంతా సద్దుమణిగి, గొంతులు ఒకదాని మీద ఒకటి అలల్లా పరుచుకుంటాయి. ఆ హోరు భరించి వచ్చినవాడికే ఆ నెమ్మది రుచి తెలుస్తుంది. అక్కడ నాబ్ తిప్పితే ఏం మిగులుతుంది? మా వాడు ఆ పదిహేడు నిమిషాలూ ఫోను తెర వైపు చూడలేదు. ఇరవై ఏళ్ల పిల్లవాడు. ఓపిక లేనిది ఎవరికో మీ వ్యాసకర్తనే అడగాలి.

ఆ తర్వాత వాడే వెనక్కి తీసుకెళ్లాడు. 1969లో కింగ్ క్రిమ్సన్, 1972లో యెస్, 1973లో పింక్ ఫ్లాయిడ్ అనే బృందాలు చేసిన ఆల్బమ్‌లు వినిపించాడు. ఆ పింక్ ఫ్లాయిడ్ వాళ్లకు 'మనీ' అని ఒక పాట ఉంది. నోట్ల గల్లా మోత, చిల్లర గలగలలతో మొదలవుతుంది. వింటూ ఊరికే తొడ మీద తాళం వేస్తుంటే లెక్క ఏడుకు వచ్చింది. మళ్లీ వేశాను, ఏడే. మా అమ్మ వీణ నేర్చుకునే రోజుల్లో పక్కన కూర్చుని విన్న తకిట తకధిమి, మిశ్రచాపు తాళం! గిటారు సోలో దగ్గర మాత్రం నాలుగుకు మారి మళ్లీ ఏడుకు వస్తుంది. మిశ్రచాపుకు పెట్టింది పేరైన వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి పూర్వీకులది మన పక్క కంభమే అంటారు. ఏడు లెక్క పెట్టడం మన నేలకు కొత్త కాదు, పెళ్లి డీజే బాక్సుల్లో వినపడక మర్చిపోయాం. బెంగళూరులో ఆగం అనే బృందం కర్ణాటక సంగీతాన్ని ఈ పద్ధతిలోనే వాయిస్తోంది. తెలుగు కీర్తనకు ఎలక్ట్రిక్ గిటారు నప్పదనుకునే పెద్దలు ఒకసారి వినండి, తర్వాత తిట్టండి.

వీళ్లందరూ డబ్బు ముట్టని సన్యాసులని నేననడం లేదు. 'మనీ' ఉన్న ఆ ఆల్బమ్ అమెరికాలో ఏళ్ల తరబడి అమ్మకాల పట్టికలోనే ఉంది. సాగదీసి విసిగించే బృందాలూ లేకపోలేదు, కొన్ని కీబోర్డు సోలోలకు మా వాడే ముందుకు జరుపుతాడు. తేడా ఎక్కడంటే, ముందు పాట కట్టి తర్వాత కొట్లో పెట్టారు. మొదట చెప్పిన పోర్క్యుపైన్ ట్రీ బృందంలోని స్టీవెన్ విల్సన్ 2015లో 'హ్యాండ్ కెనాట్ ఇరేజ్' అని సొంతంగా ఒక ఆల్బమ్ చేశాడు. లండన్‌లో ఒకామె తన ఫ్లాట్‌లో చనిపోతే రెండేళ్లకు పైగా ఎవరూ తలుపు తట్టలేదు. 2006 జనవరిలో చూసేసరికి టీవీ ఇంకా నడుస్తూనే ఉందట. ఆ వార్త నుంచి పుట్టిన కథ అది. మన హరికథలాగా మొదటి నుంచి చివరిదాకా వరుసలో వినాలి. ముప్పై సెకన్లలో ఆ ఒంటరితనం ఎట్టా చెబుతారు?

మరి డబ్బులెట్టా అంటారా? మారిలియన్ అనే ఇంగ్లండ్ బృందం తర్వాత 2001లో విడుదలైన, అప్పటికింకా తయారుకాని ఆల్బమ్‌కి అభిమానులనే ముందుగా డబ్బు కట్టమంది. పన్నెండు వేల మందికి పైగా కట్టారు. తిరునాళ్లకు చందాలేసుకుని నాటకం ఆడించిన ఊళ్లు మనవి. ఇందులో మనకు తెలియనిది ఏముంది?

ఇక ఈ లేఖ రాయడానికి అసలు కారణం. మా వాడూ, మన జిల్లా కుర్రాళ్లే మరో ముగ్గురూ కలిసి ఈ సెలవుల్లో తొమ్మిది నిమిషాల పాట ఒకటి కట్టుకున్నారు. మాటలు తెలుగువే, తుపాను రాత్రి మీద. మన జిల్లాలోనే ఒక కాలేజీ ఉత్సవంలో వాయిస్తామని అడిగితే, నాలుగు నిమిషాలే ఇస్తాం, ట్రెండింగ్ పాట ఒకటి చాలు, దాంట్లోనూ రెండో చరణం వద్దు అన్నారు. బతిమాలితే ఒప్పుకున్నారు. ముందు వరసలో కూర్చుని చూస్తున్నాను. పిల్లలెవరూ కుర్చీల్లోంచి లేవలేదు, ఈల కూడా వేయలేదు, వింటున్నారు. అయిదో నిమిషంలో నిర్వాహకుడు సౌండ్ అబ్బాయికి సైగ చేశాడు. ఆ అబ్బాయి వేలు మిక్సర్ మీద మెల్లగా కిందికి జారింది. మా వాడు గిటారు వాయిస్తూనే ఉన్నాడు, శబ్దం లేదు. ఆ వేలు నాకు బాగా తెలిసిన వేలే.

అందుకే అడుగుతున్నాను. నెల్లూరు పురమందిరాన్నో, మా కావలిలో ఏదో ఒక హాలునో నెలకొక సాయంత్రం సినిమా పాట కాని సంగీతానికి తక్కువ అద్దెకు ఇవ్వమని అధికారులను కోరుతున్నాను. హరికథైనా కచేరీయైనా కుర్రాళ్ల బ్యాండైనా సరే, నిమిషాల పరిమితి పెట్టొద్దు. మీ పత్రిక సినిమా పేజీలో వారానికి పావు పేజీ ఇలాంటి పాటలకు కేటాయించండి. మొదటి కార్యక్రమానికి నా పాత ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఉచితంగా తెచ్చిస్తాను. సౌండ్ దగ్గర నేనే కూర్చుంటాను, తొమ్మిది నిమిషాలూ చేతులు కట్టుకుని.

ఇట్లు
మీ పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా