ముహూర్తానికి ముందే సర్టిఫికెట్ వద్దు బాబాయ్

ఆస్టిన్,
2025 ఆగస్టు 10

బాబాయికి, పిన్నికి నమస్కారాలు.

చెల్లి పెళ్లి కార్తీకంలో ఖాయమైనందుకు చాలా సంతోషం. అబ్బాయి ఈ నెలలో వచ్చినప్పుడే కందుకూరులో రిజిస్టర్ చేయించేస్తే వీసా పని తొందరగా అవుతుందని వాళ్లు అంటున్నారన్నారు గదా. దానికి మాత్రం ఒప్పుకోమాకండి.

1955 హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అంటే, జరిగిన పెళ్లిని రాయించుకోవడం. అంతేగానీ ఆ కాగితంతో పెళ్లి అయిపోదు. ఆచారం ప్రకారం తంతు జరగాలి. సప్తపది ఉన్నచోట ఏడో అడుగు పడితేనే పెళ్లి పూర్తయినట్టు. తంతు లేకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో భార్యాభర్తలు కారని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. పైగా జరగని పెళ్లికి తేదీ, చోటు రాసి చెల్లి సంతకం పెట్టాలి. రేపు వీసా ఆఫీసరు శుభలేఖ మీద తేదీ వేరే ఉందేమని అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది కూడా తనే.

ముందే కావాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఒకటుంది. ఇద్దరిలో ఒకరు నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. చెల్లి అక్కడే ఉంది కాబట్టి అది ఇబ్బంది కాదు. నోటీసు ఇచ్చాక ఇంకో 30 రోజులు ఆగాలి. ఆ తర్వాత ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు చేసుకోకపోతే మళ్లీ మొదటికొస్తుంది. అయితే ఆ సంతకాలతోనే పూర్తి పెళ్లి అయిపోయినట్టు. ముహూర్తంలోపు ఏదైనా తేడా వస్తే సంబంధం వదులుకున్నామంటే కుదరదు, విడాకులకే వెళ్లాలి. అదీ మామూలుగా ఏడాది దాటితేగానీ అర్జీ తీసుకోరు. ఆడపిల్లను అంత ఇరకాటంలో పెట్టొద్దు. తాళి కట్టించి, ఆ వారంలోనే రిజిస్టర్ చేయిద్దాం.

వయసులు చూసుకోనక్కర్లేదు, 21, 18 ఇద్దరికీ ఎప్పుడో దాటాయి. అబ్బాయి చాలా ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు కాబట్టి, ఇంతకుముందు పెళ్లి కాలేదని అఫిడవిట్ అడగండి. మొహమాటపడమాకండి.

అసలు చిక్కంతా పేర్ల దగ్గర. చెల్లి టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో చూడండి. ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో తన పేరే ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరుచోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని) పడుతుంది. ఇక్కడ బ్యాంకులో, లైసెన్సు దగ్గర అదే పెద్ద తలనొప్పి. ముందు పాస్‌పోర్టు మెమో ప్రకారం సరిచేయించి, తర్వాత ఆధార్ మార్పించండి. కందుకూరు 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి పోయింది గదా, అడ్రసులు అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. పెళ్లయిందని ఇంటిపేరు మార్చాలన్న చట్టమేమీ లేదు, ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

శుభలేఖ కూడా రిజిస్ట్రారుకు ఇచ్చే కాగితమే. చిలసౌ పక్కన ఇంట్లో పిలిచే పేరు కాకుండా మెమోలో పేరే వేయించండి, కల్యాణ మండపం పేరు, ఊరు, తేదీ తప్పుల్లేకుండా ఉండాలి. తాళి కట్టేటప్పుడు ఇద్దరి మొహాలూ కనపడే ఫోటో తీయమని ఫోటోగ్రాఫరుకు ముందే చెప్పండి. మెమోలు, ఆధార్‌లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఒక ఫైల్లో పెట్టండి. సాక్షులు పెళ్లికి వచ్చినవాళ్లై ఉండాలి, ఆ వారం ఊళ్లోనే ఉండాలి. మామయ్య మర్నాడే బెంగళూరు వెళ్లిపోతాడు కాబట్టి ఆయన వద్దు.

సంతకం పెట్టేముందు సర్టిఫికెట్‌లో స్పెల్లింగు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం పోల్చమని చెల్లికి చెప్పండి. అబ్బాయి విమానం ఎక్కాక తప్పు బయటపడితే దిద్దించడం చాలా కష్టం.

శుభలేఖ అచ్చుకిచ్చేముందు ప్రూఫు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపండి, అదే రోజు చూసి చెప్తాను.

మీ అబ్బాయి