పేరు తేలని నొప్పికి తోడొచ్చినోళ్లకు

నాకు ఏమైందని అడిగేటోళ్లు రోజుకు నలుగురన్న ఉంటున్నరు. షాపుకొచ్చేటోళ్లు, సందుల ఎదురైనోళ్లు, ఫోన్ చేసేటోళ్లు. ఏం చెప్పాల్నో నాకే తెల్వదు. ఎండోమెట్రియోసిస్ అని, గర్భసంచి లోపలి పొర అసొంటిది బయట పెరిగే రోగమని డాక్టరమ్మకు అనుమానం. అది పేగుకు కూడ పట్టిందేమోనని ఇంకో అనుమానం. ఖాయం కాలేదు. పేరు తేలినంక అందరికి ఒక్కసారే చెప్దామనుకొని మూడు నెలల సంది ఆగిన. గాని నాకు తోడొచ్చేటందుకు మీరెవ్వరు పేరు తేలేదాక ఆగలే గదా! అందుకే ఈ రాత్రి మిషను పక్కకు నూకి ఫోన్ పట్టుకొని కూసున్న. కుట్టుడే తప్ప రాసుడు అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండ్రి.

తెల్వనోళ్లకు చెప్తున్న. హన్మకొండ కిషన్‌పురల మాది చిన్న టైలరింగ్ షాపు. వయసు 31, ఏడేండ్ల బిడ్డ ఉన్నది. బిడ్డకు ఏడాది నిండినంక మొదలైంది ఈ లొల్లి. డేట్ వస్తే పొత్తికడుపు నొప్పి ఉంటది, అది అందరికి ఎరుకే. నాకు దాంతోపాటు లెట్రిన్‌కు పోవాల్నంటే భయం. కూసున్నంక లోపల ఎవరో కత్తెర పెట్టి తెరిసినట్టు ఉంటది. చెమటలు కారుతయి, గోడ పట్టుకుంట, ఒక్కోసారి కండ్లు తిరుగుతయి. ఆ నాలుగొద్దులు రోజుకు ఐదారు సార్లు పోవాలె, మిగిలిన నెలంత మూడొద్దులకొకసారి కూడ రాదు. కడుపు డప్పు లెక్క ఉబ్బుతది. "ఎన్నో నెల?" అని నవ్వుకుంట అడిగినోళ్లు ఉన్నరు. వాళ్ల తప్పు లేదు, అద్దంల చూసుకుంటే నాకూ అట్లనే అనిపించేది.

ఐదేండ్లు తిరిగిన. గ్యాస్ అన్నరు, నులిపురుగులన్నరు, ఐబీఎస్ అన్నరు, అంటే పేగుల పని గాడితప్పుడట. మామూలు స్కానింగ్ నార్మల్, పేగుల కెమెరా పెట్టి చూసింది కూడ నార్మల్. అన్ని నార్మలైతే రోగం మన నెత్తిల ఉన్నట్టు లెక్క, "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపుతరు. ఒక దవాఖానల అయితే ఐదు నిమిషాలల్ల తేల్చిండ్రు: "ఒక బిడ్డ ఉన్నది గదా, గర్భసంచి తీసేస్తే పీడ పోతది." నేను సరే అనేదాన్నే, అంత ఇసుగొచ్చింది. చెయ్యి పట్టుకొని బయటికి గుంజుకొచ్చింది మా వదినె. "పట్టుబట్ట మీద కత్తెర పెట్టాల్నంటే గంటసేపు ఆలోచన చేస్తవు, నీ కడుపు కోసేటందుకు ఐదు నిమిషాలేనా?" అన్నది. అందరికన్న ముందు దండం ఆమెకే.

ఆ తర్వాత ఒక సిస్టరమ్మకు. దవాఖానల స్టాఫ్ నర్సు, నా దగ్గరనే జాకెట్లు కుట్టించుకుంటది. సంక్రాంతికి ముందు ఒకనాడు ఆమె భుజం కొలత తీస్తున్న, టేపు పట్టుకున్న చెయ్యి వణుకుతున్నది. నన్నే స్టూలు మీద కూసోబెట్టి నీళ్లు తాగించింది. తాగించి ఒక్కటే అడిగింది: "లెట్రిన్ నొప్పి రోజూ ఇంతనే ఉంటదా, డేట్ టైంలనే ఎక్కువైతదా?" ఇంతమంది చూసిండ్రు గాని ఈ మాట ఎవ్వరడగలే. నాకు కూడ తట్టలే. కడుపు డాక్టర్ దగ్గర లెట్రిన్ సంగతి చెప్పిన, లేడీ డాక్టర్ దగ్గర డేట్ సంగతి చెప్పిన. సగం ఇక్కడ, సగం అక్కడ చెప్పుకుంట తిరిగిన. "మూడు నెలలు ఏ రోజుకారోజు రాసిపెట్టు" అన్నది.

రాసేటందుకు నా దగ్గర ఉన్నది కొలతల బుక్కే. ముందు పేజీలల్ల మీ చేతులు, మీ నడుములు. వెనుక పేజీల నుంచి నా కడుపు. పొద్దున లేవంగనే బొడ్డు మీదికెల్లి టేపు చుట్టిన, పండుకునే ముందు మళ్ల చుట్టిన. మామూలు రోజు పొద్దున 30 ఇంచులు, రాత్రి 31. డేట్ రెండో రోజు పొద్దున 31, రాత్రి 34న్నర. జాకెట్‌ల అంత తేడా వస్తే మీరు నా మొఖాన కొడ్తరు! పక్కన నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు, ఎన్నిసార్లు పోయిన, నెత్తురు కనబడ్డదా, ఏం తిన్న, ఏ గోలీ వేసుకున్న. మూడు నెలల పేజీలు పక్కపక్కన పెడ్తే ఎవ్వరు చెప్పకుండనే నాకు సమజైంది.

ఆ బుక్కునే డాక్టరమ్మ ముందట పెట్టిన. మొదట నడుము కొలతలు చూసి ఇదేందమ్మా అన్నది, తర్వాత కండ్లద్దాలు పెట్టుకొని చివరి పేజీ దాక చదివింది. "గర్భసంచి లోపల ఒక లైనింగ్ ఉంటది" అని మొదలుపెట్టంగనే నాకు నవ్వొచ్చింది. లైనింగ్ సంగతి నాకు చెప్పాల్నా! ఆ లైనింగ్ అసొంటిదే గర్భసంచి బయట పెరుగుతదట. అండాశయాల మీద, గర్భసంచి వెనుక, పేగు మీద. నెలనెల అది కూడ ఉబ్బుతది, నెత్తురు కారుతది, బయటికి పోను తొవ్వ ఉండదు. ఉన్నకాడనే వాచి, పక్కపక్కన ఉన్నయి ఒకదానికొకటి అతుక్కపోతయట. జాకెట్‌కు చెయ్యి అతికేటప్పుడు కింది బట్ట కూడ సూది కిందికొచ్చి కుట్టు పడ్డదనుకోండ్రి, ఒకటి గుంజితే రెండోది కూడ వస్తది. నా పేగు కదిలినప్పుడల్ల అయ్యేది అదేనేమో. మరి కెమెరాల ఎందుకు కనబడలేదంటే, ఇది ఎక్కువగ పేగు బయటి దిక్కు నుంచి పడ్తది, కెమెరా చూసేది లోపలి దిక్కు. లైనింగ్ దిక్కు చూసి పైబట్టకు మరక లేదన్నట్టు.

గర్భసంచి తీసేస్తే పోదా అని అడిగిన. "పేగు మీద ఉన్నది పేగు మీదనే ఉంటది గదమ్మా" అన్నది. వదినె నా దిక్కు చూసింది. ఆ చూపు సంగతి ఇక్కడ రాయను.

అన్ని కడుపునొప్పులు ఇదే అనుకోవద్దని కూడ ఆమెనే చెప్పింది. పేగుల టీబీ, పేగు వాపు లేవని ముందు పరీక్షలు చేయించింది. లెట్రిన్‌ల నెత్తురు పడ్డా, బరువు తగ్గినా, సాయంత్రం పూట జ్వరం వచ్చినా డేట్ మీదికి నూకి ఊకోవద్దన్నది. సీఏ-125 అనే రక్తపరీక్ష ఒక్కదాంతోని ఇది ఉన్నదని గాని లేదని గాని తేల్చరాదట. ఇదివరకు బొడ్డుకాడ చిన్న రంధ్రం చేసి కెమెరాతోని చూసుడే అసలు పరీక్ష అనేటోళ్లు. 2022ల యూరప్ డాక్టర్ల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలల్ల అందరికి మొదలే అది అక్కెర లేదన్నరట. మంచిగ చూసేటోళ్లతోని స్కానింగ్, ఎమ్మారై చేయించి, అనుమానం మీద కూడ గోలీలు మొదలుపెట్టొచ్చు. నాకు డైనోజెస్ట్ అనే హార్మోన్ గోలీ, 2 మిల్లీగ్రాములది రోజుకొకటి రాసింది. మూడు నెలలాయె. తొమ్మిది ఉండే నొప్పి ఐదుకొచ్చింది. మధ్యమధ్య మరక కనబడ్తది, చిరాకు పెరిగింది, మా ఆయన సాక్ష్యం. ఇది నాకు రాసిన గోలీ, పేరు చూసి మెడికల్ షాపుకు ఉరికేరు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ఈ రోగం పిల్లలు పుట్టే వయసున్న ఆడోళ్లల్ల సుమారు 10 శాతానికి, అంటే 19 కోట్ల మందికి ఉన్నదట. సిస్టరమ్మ ఫోన్‌ల చూపించింది. అన్ని కోట్ల మందికుంటే మన సందుల ఒక్కదాని నోట కూడ ఈ పేరు ఇనలేదేందని ఆ రాత్రంత అదే ఆలోచన.

జవాబు ఇంట్లనే దొరికింది. మా అత్తమ్మ మొదట్ల "నొప్పి అందరికి ఉండదా, మేం కనలేదా" అనేది. ఒకనాటి రాత్రి మూడింటికి బాత్రూంల నేను మూలుగుతుంటే తలుపు కొట్టింది. తీస్తే, ఏం మాట్లాడకుండ గోడకు ఆనుకొని కూసున్నది. కూసొని, "నేను కొంగు నోట్ల కుక్కుకొని పండేదాన్ని, మీ మామకు ఇనబడొద్దని" అన్నది. ఆమెకు 34 ఏండ్లకే గర్భసంచి తీసిండ్రు. ఎందుకు తీసిండ్రో ఈనాటికి ఆమెకు తెల్వదు. ఆ తెల్లారి నుంచి డేట్ అయితే నేను అడగకముందే వేడినీళ్ల సంచి మంచం మీద ఉంటది. మూలకు కూసోబెట్టుడు కూడ బందైంది. అత్తమ్మా, బిడ్డతోని ఇది చదివిచ్చుకుంటవని తెలుసు, నీ కాళ్లకు మొక్కుత.

పైసల సంగతి. ఎమ్మారై తీసుడు కన్న దాన్ని చదివే కన్ను ముఖ్యమని, హైదరాబాద్‌ల ఇలాంటివి చూసేటోళ్ల దగ్గరికి పంపిచ్చింది డాక్టరమ్మ. మా సందుల పది మందిమి చిట్టి వేస్తం. ఆ నెల వరుస నాది కాదు, కూరగాయలమ్మే అక్కది. వానలు పడకముందు ఇంటి మీది రేకులు మార్చుకుందామని చూస్తున్నది. "కారితే తపేల పెట్టుకుంట" అని పైసలు తెచ్చి నా ఒళ్లె పెట్టింది. అక్కా, మొన్నటి వానకు రెండు తపేలలు, ఒక బకెట్ పెట్టినవని నీ బిడ్డ నాకు చెప్పింది.

కాజీపేట స్టేషన్ దాక తీసుకపోయింది మా అడ్డ మీది ఆటో అన్న. వరంగల్, హన్మకొండ, కాజీపేటల ఏ పెట్రోల్ బంక్ లెట్రిన్‌కు తాళం ఉండదో ఈ అన్నకు ఎరుకైనట్టు ఎవ్వరికి ఎరుక కాదు. ఎందుకు తెలుసుకున్నవన్నా అంటే, "నీకోసమే గదా చెల్లె" అన్నడు. గతుకు వస్తే ముందే "పట్టుకో" అంటడు. రైలుల మా సీటు డబ్బా నడుమల పడ్డది. టాయిలెట్ పక్క సీటు కావాలె అని బతిమిలాడిన మొదటి మనిషిని నేనే కావొచ్చు. అక్కడ కూసున్న కాలేజీ పిల్లగాడు "వాసనొస్తది ఆంటీ" అని రెండుసార్లు చెప్పి, మా వదినె మొఖం చూసి గమ్మున లేసిండు. తమ్మీ, నీ పేరు అడగలే, మంచిగ చదువుకో.

పేరు అడగనిది ఇంకొకామె ఉన్నది. పోయిన సద్దుల బతుకమ్మ నాడు, ఇంక ఈ సంగతులేవి తెల్వనప్పుడు. పదిరోజులు రాత్రింబగళ్లు మీ జాకెట్లు కుట్టి, నా బతుకమ్మ పేర్చుకొని, బిడ్డను తీసుకొని వేయిస్తంభాల గుడికి పోయిన. రెండు చుట్లు ఆడిన్నో లేదో కడుపుల మొదలైంది. ఆ జనంల ఏడికి పోతం? గోడ పొంటి గునుగు, తంగేడు అమ్ముకునే పెద్దమ్మ పూలు ఒక దిక్కు నూకి గోనెసంచి పరిచింది. "పండు బిడ్డా" అన్నది. తన కొంగు అడ్డం పట్టుకొని అరగంట కూసున్నది. అటు పోయేటోళ్లు గునుగుపూలు ఎంతకని అడిగితే, "ఇప్పుడు అమ్ముడు లేదు, పో" అని కసిరింది. నా చీర ఖరాబైంది. చెప్పేటందుకు ఇప్పుడు సిగ్గు పోయింది. సీసల నీళ్లు, చింపిన పాత చీర పేలిక చేతికిచ్చి, నా బతుకమ్మను బిడ్డకిచ్చి "మీ అమ్మ లేసేదాక నువ్వు పట్టుకో" అన్నది. లేసి పోయేటప్పుడు చూసిన, తొక్కిళ్లకు పూలు సగం నలిగిపోయినయి. పైసలియ్యబోతే తీసుకోలే. తెల్లారి పోతే ఆమె లేదు. పాలకుర్తి దిక్కు నుంచి వచ్చిన అన్నది, అంతే తెలుసు. ఆమె కోసం ఒక జాకెట్ కుట్టి పెట్టిన. కండ్లతోని తీసిన కొలత, చెయ్యి కొంచెం లూజు ఉంటదేమో.

షాపుల పని నేర్చుకుంటున్న చెల్లె గురించి రాయకపోతే కండ్లు పోతయి. నేను ఇంట్లకు ఉరికినప్పుడల్ల గిరాకీలకు "అక్క కొలతలకు పోయింది" అని చెప్పేది. ఒకామె గంట చూసి "ఎవరికమ్మా అంత పెద్ద కొలతలు, ఏనుగుకా?" అన్నదట. మీలో కొందరు ఆలస్యమైతే కోపానికొచ్చిండ్రు, ఒకరు అడ్వాన్స్ వాపస్ తీసుకున్నరు. అది న్యాయమే, పండుగకు అందని జాకెట్ ఎందుకు? ఇంకొకామె బిడ్డ లగ్నపత్రిక నాటికి జాకెట్ పూర్తిగాలేదు. హుక్కులు లేకుండనే తీసుకపోయి, ఇంట్ల రాత్రి కూసొని తనే కుట్టుకొని, పైసలు పూర్తిగ పంపింది.

తిండి సంగతి చాలామంది అడుగుతున్నరు. నా బుక్కుల తేలింది నాకే పనికొస్తది. ఆ రోజులల్ల శనగపప్పు, పచ్చి ఉల్లిగడ్డ, గోధుమ రొట్టె నాకు పడయి. పెసరపప్పు, జొన్నరొట్టె, అన్నం పడ్తయి. డేట్ లేని రోజులల్ల ఇసబ్గోల్, నీళ్లు ఎక్కువ. తింటే రోగం పోతదని కాదు, టేపు మీద ఒక ఇంచు తగ్గుతది, ఆ ఇంచు నాకు పెద్దది.

ఎమ్మారై రిపోర్టుల పేగు గర్భసంచి వెనుక అతుక్కున్నట్టు అనుమానం అని రాసిండ్రు. మళ్ల అదే మాట, అనుమానం. వచ్చే నెల లేడీ సర్జన్, పేగుల సర్జన్ ఇద్దరు కలిసి చూసి, ఆపరేషన్ కావాల్నా, గోలీల మీదనే నడిపిద్దామా చెప్తరు. అప్పటిదాక షాపు పొద్దున 11 నుంచి 5 దాక. డేట్ రోజులల్ల తలుపు సగం వేసి ఉంటది, చెల్లె ఉంటది, కొలతలు ఇచ్చిపోండ్రి. లగ్నపత్రిక అక్కా, పెండ్లి జాకెట్లు రెండూ అయినయి. ఈసారి హుక్కులు కూడ నేనే కుట్టిన, వచ్చి తీసుకపో.