మీ ‘ఎయిటీస్’ ప్లేలిస్టులో ఎనభైలు ఎక్కడ?

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

విషయం: ఎనభైల తెలుగు పాటల ప్లేలిస్టులో తప్పులు, చందా వాపసు గురించి.

అయ్యా/అమ్మా,

మీ మ్యూజిక్ యాప్‌కు నేను ఏడాది చందా కట్టాను. కొత్త పాటలు టీవీలో, ఆటోల్లో, పెళ్ళి పందిళ్ళలో అడక్కుండానే వినపడతాయి కాబట్టి వాటికోసం కట్టలేదు. ‘ఎయిటీస్ తెలుగు హిట్స్, మీ యవ్వనం మళ్ళీ మీ చెవుల్లో’ అని మీరు పంపిన మెసేజ్ చూసి కట్టాను. చెవుల్లో పడుతున్నది మాత్రం వేరే.

మొదట సంవత్సరాల సంగతి. ‘వేటగాడు’ 1979లో, ‘మరో చరిత్ర’ 1978లో వచ్చాయి. ఆ రెండు సినిమాల పాటలూ మీ ఎనభైల జాబితాలో ఉన్నాయి. పోనీ, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అయితే ఏంలే అనుకున్నాను. కానీ 1982 నాటి ‘నాలుగు స్తంభాలాట’లోని ‘చినుకులా రాలి’ ఈ జాబితాలో లేదు. విడిగా వెతికితే దొరికింది, పక్కన 2014 అని ఉంది. అది పాట పుట్టిన ఏడు కాదు, ఎవరో దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టిన ఏడు. మీ కంప్యూటర్ ఆ తేదీని చూసి దశాబ్దాలు పంచుతున్నట్టుంది. అలాగైతే అసలు పాటలు బయటే ఉండిపోతాయి.

రెండోది ఇంకా బాధ కలిగించింది. ‘దేవత’లోని ‘ఎల్లువొచ్చి గోదారమ్మ’ నొక్కితే 2019 ‘గద్దలకొండ గణేష్’ కోసం మళ్ళీ చేసిన పాట మోగుతోంది. అది బాగోలేదని నేననను, మా పిల్లలకు అదే ఇష్టం. కానీ ఎనభైల పేరుతో అమ్మేటప్పుడు అప్పట్లో చక్రవర్తి గారు బాణీ కట్టిన పాట వినిపించాలి కదా! ఇంకొన్ని చోట్ల ఎవరో ట్రాక్ మీద పాడిన పాటకు అసలు సినిమా పోస్టరే తగిలించారు. పల్లవి అందుకోగానే గొంతు తేడా తెలిసిపోతుంది. బాలు, సుశీల, జానకి గొంతులు పోల్చుకోలేనివాళ్ళు ఆ కాలం వాళ్ళలో ఎవరున్నారు? బేస్ పెంచి ‘8డి’ అని పేరు పెట్టినవి సరేసరి. వీణ ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పరుగెడుతుంటే తల తిరిగింది.

ఇక పేర్లు. నేను ముఖ్యంగా ఈ ఉత్తరం రాస్తున్నది వీటికోసమే. ఆ రోజుల్లో రేడియోలో పాట వేసే ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అని చెప్పేవారు. అలా రోజూ వినీ వినీ మాకు పాటతో పాటు రాసినవారూ గుర్తుండిపోయారు. మీ తెర మీద గాయకుల పేర్లు ఉంటాయి, ఒక్కోసారి హీరో పేరు కూడా ఉంటుంది (ఆయన పాడలేదండీ, పెదాలు కదిపారు). రాసినవారి పేరు వెతికినా కనపడదు. ‘సిరివెన్నెల’ పాటలు 1986లో వచ్చాక సీతారామశాస్త్రి గారికి ఆ సినిమా పేరే ఇంటిపేరైపోయింది. ఆ సినిమా పాటల కింద కూడా ఆయన పేరు లేదు!

ఉన్నచోట తప్పు. ‘మేఘసందేశం’ పాటలన్నిటికీ కలిపి దేవులపల్లి కృష్ణశాస్త్రి అని వేశారు. ‘ఆకులో ఆకునై’ ఆయనదే. ‘ఆకాశ దేశాన’ మాత్రం వేటూరిది. ‘ప్రియే చారుశీలే’ అయితే జయదేవుని అష్టపది, కొన్ని వందల ఏళ్ళ నాటిది. ఆ సినిమాకు సంగీత దర్శకుడు రమేష్ నాయుడు, పాడిన ఏసుదాసు, సుశీల ముగ్గురూ జాతీయ అవార్డులు అందుకున్నారు. అంత పేరున్న సినిమాకే ఇలా ఉంటే మామూలు సినిమాల గతి ఏమిటి?

పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా ఇవ్వాలని 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. అంటే ఏ పాట ఎవరిదో లెక్క ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే. ఉన్న లెక్కను వినేవాళ్ళకు చూపించడానికి కష్టమేమిటో నాకు అర్థం కాలేదు. మా ఊళ్ళో క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. కాగితం మీద పాటలు రాసిస్తే అరవై నిమిషాల క్యాసెట్‌లోనో తొంభై నిమిషాల క్యాసెట్‌లోనో ఎక్కించి ఇచ్చేవాడు. లోపలి అట్ట మీద పాటకు ఎదురుగా సినిమా పేరు, గాయకుల పేర్లు చిన్న అక్షరాలతో రాసేవాడు. అడిగిన పాట దొరక్కపోతే దొరకలేదని చెప్పేవాడే గానీ, ఇంకోటి నింపి అదే ఇది అని ఇచ్చేవాడు కాదు.

ఒక్క మంచి మాట కూడా చెప్పాలి. ‘సితార’లోని ‘వెన్నెల్లో గోదారి అందం’ మీ యాప్‌లో చాలా శుభ్రంగా ఉంది. జానకి గారికి జాతీయ అవార్డు తెచ్చిన పాట. మా క్యాసెట్‌లో గరగరలో కలిసిపోయిన చిన్న చిన్న వాద్యాలు కూడా ఇప్పుడు విన్నాను. అసలు రికార్డింగ్ పెడితే మీరు ఇంత బాగా వినిపించగలరని దాని వల్లే తెలిసింది. అందుకే మిగతావాటి మీద కోపం.

ఇవన్నీ ముందే మీ చాట్‌లో రాశాను. ‘యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి’ అని జవాబు వచ్చింది. చేశాను. రచయితల పేర్లు రాలేదు.

సినిమా విడుదలైన సంవత్సరాన్ని బట్టి జాబితా సరిచేయండి. మళ్ళీ పాడినవి, రీమిక్సులు వేరే జాబితాలో పెట్టండి. ప్రతి పాట కింద రచన, సంగీతం, గానం వేయండి. తప్పు కనపడితే మేము చెప్పడానికి ఒక బటన్ ఇస్తే, జీతం అడక్కుండా సరిదిద్దేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. నెల లోపల ఇవి జరగకపోతే మిగిలిన నెలల చందా నా ఖాతాలో వేయండి. తప్పులున్న పాటల స్క్రీన్‌షాట్లు జతచేశాను. ఈసారి జవాబు మనిషి రాస్తే సంతోషం, తెలుగులో రాస్తే మరీ సంతోషం.

ఇట్లు,
మీ చందాదారు,
రాజమహేంద్రవరం