పిల్లల కిడ్నీ క్యాన్సర్: స్టేజ్ ఒక్కటే చెప్తే చాలదు

ఎడిటర్ గారికి నమస్కారం,

పిల్లలకొచ్చే కిడ్నీ క్యాన్సర్ మీద మీ పేపర్లో వచ్చిన వార్త చదివా. త్వరగా కనిపెడితే నయమైపోతుంది అని రాశారు, నిజమే, కానీ అక్కడితో ఆపేస్తే తల్లిదండ్రులకి సగమే చెప్పినట్టు. నేను పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, ఆపరేషన్లో తీసిన కిడ్నీ డబ్బాలో ఫార్మలిన్ పోసుకుని మా టేబుల్ మీదకే వస్తుంది, అందుకే ఈ ఉత్తరం.

పిల్లల కిడ్నీ క్యాన్సర్లలో పదికి తొమ్మిది దాకా విల్మ్స్ ట్యూమరే. ఎక్కువగా ఐదేళ్లలోపు వాళ్లకి వస్తుంది, చాలామందికి నొప్పి కూడా ఉండదు, స్నానం చేయిస్తుంటే పొట్టలో గట్టిగా చేతికి తగుల్తుంది (తగిలిందని ఇంట్లో తలా ఒకసారి నొక్కి చూడకండి దయచేసి). మంచి వైద్యం అందే దేశాల్లో 90 శాతం దాకా బతుకుతున్నారు, మిగతా చోట్ల చాలా తక్కువ. లేటుగా రావడం, డబ్బుల్లేక మధ్యలో మానేయడం ఇవన్నీ కారణాలే, కాదనను. ల్యాబ్ దగ్గర, ఆపరేషన్ థియేటర్లో జరిగే నష్టం మాత్రం ఎవరూ ఎత్తరు.

కిడ్నీ రాగానే మేం బరువు తూస్తాం, పైనంతా ఇంకు పూస్తాం, అప్పుడే కోస్తాం. ట్యూమర్ అంచు దాటి బయటికొచ్చిందా లేదా అని తర్వాత మైక్రోస్కోప్‌లో తేల్చేది ఆ ఇంకే. కొందరు సర్జన్లు లోపల ఏముందో చూద్దామని థియేటర్లోనే మధ్యకి చీల్చేసి పంపుతారు, పై పొర ముడుచుకుపోయి వస్తుంది, ఇక అంచు ఎక్కడో మేమేం చెప్పాలి? పంపిన ఫారం చూస్తే కిడ్నీ పక్కనుండే లింఫ్ గ్రంథుల గడిలో ఒక గీత. అంటే తీయనే లేదు. గ్రంథుల్లోకి పాకితే అది స్టేజ్ 3, పొట్టకి రేడియేషన్ కూడా పెట్టాల్సి రావచ్చు, తీయకపోతే స్టేజ్ 1 అనో 2 అనో కాగితం మీద రాసుకుని తక్కువ మందు ఇచ్చి పంపేస్తారు, తర్వాత జబ్బు అక్కడే తిరగబెడుతుంది. ఇది ఉల్టా కూడా జరుగుతుంది. రెండేళ్లలోపు పాప, ట్యూమర్‌తో కలిపి తీసిన కిడ్నీ 550 గ్రాముల లోపు బరువు, స్టేజ్ 1, గ్రంథులు క్లీన్, కణాలు మంచి రకం అని తేలితే కొన్ని పద్ధతుల్లో ఆపరేషన్‌తోనే సరిపెట్టి కీమో తప్పిస్తారు, కానీ బరువు తూయకుండా గ్రంథులు పంపకుండా ఉంటే ఆ పాపకి ఆ అవకాశమే లేదు కదా.

స్టేజ్ ఎంత ముఖ్యమో కణాల తీరు అంతే. అనాప్లేజియా అంటారు, కణం మధ్యలో కేంద్రకాలు పక్కవాటికన్నా మూడింతలు పెద్దవై ముదురు రంగులో వికారంగా కనిపిస్తాయి, అది ఉంటే మామూలు మందులకి సరిగా లొంగదు. బెక్‌విత్, పామర్ అనే పరిశోధకులు 1978లోనే చెప్పిన విషయం ఇది. ఒక్కోసారి ఒక మూలనే ఉంటుంది, అందుకే ట్యూమర్ ఎన్ని సెంటీమీటర్లుంటే కనీసం అన్ని ముక్కలు తీసి చూడాలంటారు, పని ఎక్కువనో ఇంకోటనో మూడు నాలుగుతో సరిపెడితే దొరక్కపోవచ్చు. యూరప్ పద్ధతిలో ముందు కీమో ఇచ్చి తర్వాత కోస్తారు, అక్కడ మందు తర్వాత కూడా బ్లాస్టెమా అనే పూర్తిగా ఎదగని కణాలు ఎక్కువ మిగిలితే హై రిస్క్. కానీ కీమో ఇచ్చాకే పంపామని ఫారంలో రాయకపోతే పాథాలజిస్ట్‌కి ఎలా తెలుస్తుంది? 1పి, 16క్యూ అనే క్రోమోజోమ్ ముక్కలు పోయాయా అనే జీన్ టెస్టులు కూడా ఉన్నాయి, మంచివే, కానీ గ్రంథులే పంపని చోట వాటి గురించి ఏం మాట్లాడతాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పెట్టిన పిల్లల క్యాన్సర్ కార్యక్రమంలో ముఖ్యంగా చూసే ఆరు జబ్బుల్లో విల్మ్స్ ఒకటి, 2030 నాటికి కనీసం 60 శాతం మంది పిల్లలు బతకాలన్నది టార్గెట్. కొత్త మిషన్లు కొనే ముందు ఆరోగ్య శాఖలు ఒక ఫారం కంపల్సరీ చేస్తే చాలు, కిడ్నీ బరువు, గ్రంథులు ఎన్ని తీశారు, ట్యూమర్ పగిలిందా, ముందు కీమో ఇచ్చారా, అనాప్లేజియా ఉందా, ఏ గడీ ఖాళీగా వదిలినా రిపోర్ట్ పూర్తి కాదని. ఇలాంటి కేసులు ఎప్పుడో ఒకటి వచ్చే ల్యాబ్ అయితే ఆ స్లైడ్లు అనుభవమున్న ఇంకో పాథాలజిస్ట్‌కి తప్పకుండా పంపాలి.

మీరు ఈసారి ఇలాంటి వార్త వేస్తే పక్కన చిన్న బాక్స్‌లో ఈ ప్రశ్నలు కూడా వేయండి, అమ్మానాన్నలు కట్ చేసుకుని డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్తారు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్